పడవకు ధ్వనిపరికరము ఎక్కడ బిగించవలెను?

అనంతపురం కరువు నేలకు ఎగువ కాలువ నీరు తుంగభద్ర జలాశయమునుండి వచ్చును. 1953లో సుమారు 133 టి.ఎం.సి. పట్టిన ఆ జలాశయము, పూడికవలన నేడు సుమారు 105 మాత్రమే పట్టుచున్నది. పూడికను లెక్కించుటకు పడవనుండి నీటిలోనికి ధ్వనిని పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చు కాలమునుబట్టి లోతు కనుగొందురు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోవును.

ఈ పనిచేయు ట్రాన్స్‌డ్యూసరును ప్రొపెల్లరు దగ్గర బిగించరాదు. అచటి గాలిబుడగలు ధ్వనిని చెదరగొట్టును. పడవ ముక్కు నీటిని చీల్చుచోటను ఇదే చిక్కు. కావున చిన్న పడవలలో నడుమ, ప్రక్కగా, నిలువు గొట్టమునకు బిగింతురు. నీటిమట్టమునుండి అది ఎంత దిగువనున్నదో కొలిచి, వచ్చిన లోతుకు కలుపవలెను.

ఇది మరచినచో లేని పూడిక లెక్కకెక్కును. నిండినపుడు 378 చదరపు కిలోమీటర్లు వ్యాపించు ఈ జలాశయమున 10 సెంటీమీటర్ల పొరపాటనగా సుమారు 1.3 టి.ఎం.సి. నీరు!