ముక్కు ఓడిపోయే చోట

2002 జనవరి 16. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక కాగితం మిల్లు. ఒలికిన సోడియం హైడ్రోసల్ఫైడ్ మురుగు కాలువలోకి చేరింది. వ్యర్థ జలాల పీహెచ్ సరిచేయడానికి అదే కాలువలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతున్నారు. రెండూ కలిసేసరికి హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, మ్యాన్‌హోల్ మూత సందుల్లోంచి బయటికి తన్నుకొచ్చింది. దగ్గర్లో పనిచేస్తున్న ఇద్దరు కార్మికులు చనిపోయారు. మరో ఎనిమిది మంది అస్వస్థులయ్యారు.

ఈ వాయువుది కుళ్లిన కోడిగుడ్డు కంపు. మరి ముక్కు పసిగట్టదా? కొంచెం ఉంటే పసిగడుతుంది. 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) చేరేసరికి వాసన తెలిసే శక్తే మొద్దుబారిపోతుంది. కంపు పోయింది కాబట్టి ప్రమాదమూ తప్పిందనుకుని మనిషి ముందుకు అడుగేస్తాడు. పైగా ఇది గాలికన్నా బరువు. గుంతల అడుగున పేరుకుంటుంది.

ముక్కును నమ్మకూడదన్న సంగతి గనుల వాళ్లకు ముందే తెలుసు. 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ సలహాతో కార్బన్ మోనాక్సైడ్‌ను కనిపెట్టే పని కెనరీ పిట్టలకు దక్కింది. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఆ కొలువు సాగింది.

యంత్రం వేరే దారిలో వచ్చింది. 1920లలో కాలిఫోర్నియాలో ఆలివర్ జాన్సన్ వేడెక్కిన ప్లాటినం తీగతో మండే ఆవిరిని పట్టే పరికరం చేశాడు. పేలుడు ముప్పును అది చెప్పగలదు. పీపీఎంలలో ఉండే విషాన్ని చెప్పలేదు. ఆ లోటు తీర్చింది ఎలక్ట్రోకెమికల్ సెన్సర్. చిన్న డబ్బీ, ముందు పల్చటి పొర, లోపల ఆమ్లం, ఎలక్ట్రోడ్లు. పొర దాటి వచ్చిన వాయువు ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణ చెంది ఎలక్ట్రాన్లు వదులుతుంది. వాయువు ఎంత ఉంటే విద్యుత్తు అంత. చాలా మీటర్లు 10 పీపీఎం దగ్గరే కూత పెడతాయి.

అయితే సెన్సర్‌కూ వయసు మీదపడుతుంది. లోపలి ద్రవం ఎండిపోతుంది. అందుకే పనికి వెళ్లేముందు తెలిసిన మోతాదు వాయువు చూపించి, అలారం మోగుతోందో లేదో చూసుకోవాలి. దీన్నే బంప్ టెస్ట్ అంటారు.

మనకూ ఇది దూరపు ముచ్చట కాదు. 2017 మార్చిలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలంలోని ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయబోయి అయిదుగురు కార్మికులు విషవాయువుకు బలయ్యారు.

యాజమాన్యాలు చేయాల్సినవి తేలికైనవే. సల్ఫైడ్ నీళ్లను, ఆమ్లపు నీళ్లను వేర్వేరు పైపుల్లో పోనివ్వండి. ట్యాంకులోకి మనిషికన్నా ముందు మీటరును తాడు కట్టి దింపి పైన, మధ్యన, అడుగున కొలవండి. అలారం మోగితే ఎవరినీ దింపకండి, లోపల పడిపోయినవాణ్ని తీయడానికైనా సరే, గాలి సిలిండరు కట్టుకోకుండా.