తంత్రి పలుకు – విద్యుత్తు హోరు

రేడియోలో గానం వింటున్నప్పుడు దాని వెనుక సన్నగా "గుంయ్" మనే హోరు వినిపించడం శ్రోతలలో పలువురికి అనుభవమే. ఇంటింటా ప్రవహించే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. ఆ హోరుకు మూలం అదే. వినేవారికి ఇది చిన్న చికాకు మాత్రమే. కాని బేస్ గిటారుకు పికప్‌ను స్వయంగా చుట్టుకొనే ఔత్సాహికునకు ఇదే ప్రధాన శత్రువు.

ఎందుకో చూతము. బేస్ గిటారులోని నాలుగు తంత్రులు మందరం నుంచి వరుసగా సెకనుకు సుమారు 41, 55, 73, 98 కంపనాలు చేస్తవి. విద్యుత్తు హోరు 50 వద్ద, దాని రెట్టింపు 100 వద్ద ఉన్నది. అనగా శత్రువు సరిగా మన ఇంటి నడుమనే కాపురమున్నాడు. టోను మీటను త్రిప్పి హోరును కోసివేయబోతే నాదం కూడా దానితోనే పోతుంది. కనుక హోరును పికప్‌లోనే అణచవలెను.

పికప్ అనగా ఒక అయస్కాంతము, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ, అంతే. అయస్కాంతం తన పైనున్న ఉక్కు తంత్రిని కూడా కొంత అయస్కాంతంగా మారుస్తుంది. తంత్రి కదిలినప్పుడు చుట్టలోని అయస్కాంత ప్రవాహం మారుతుంది. ఆ మార్పువల్ల చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదే. మన లౌడ్ స్పీకరులో విద్యుత్తు కదలికగా మారుతున్నది. ఇక్కడ కదలిక విద్యుత్తుగా మారుతున్నది.

అయితే ఆ రాగి చుట్ట తంత్రి మాటనే గాక, సమీపంలోని ట్రాన్స్‌ఫార్మరు మాటను, ట్యూబులైటు మాటను కూడా వింటుంది. దీనికి విరుగుడు రెండు చుట్టలు వాడడం. ఫెండర్ కంపెనీ 1951లో వెలువరించిన ప్రెసిషన్ బేస్‌లో ఒకే చుట్ట ఉండెడిది. 1957లో దానిని రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను రెండేసి తంత్రుల క్రింద అమర్చినారు. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఆయన ఆరు తంత్రుల గిటారుకు ఇదే న్యాయంతో జంట చుట్టల పికప్‌ను రూపొందించి, 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసినాడు.

ఇందులోని కిటుకు ఇది. అయస్కాంతాన్ని తలక్రిందులు చేస్తే తంత్రి వల్ల పుట్టే విద్యుత్తు దిశ మారుతుంది. తీగను ఎదురు దిశలో చుట్టినా మారుతుంది. రెండూ చేస్తే మార్పుకు మార్పు చెల్లి, నాదం మొదటి దిశలోనే ఉంటుంది. హోరుకు మాత్రం అయస్కాంతంతో పనిలేదు; చుట్టిన దిశ ఒక్కటే దానికి లెక్క. కనుక హోరు విషయంలో రెండు చుట్టలు ఎదురెదురుగా లాగే ఎడ్లవంటివి, బండి కదలదు. నాదం విషయంలో ఒకే కాడికి కట్టిన జోడెడ్లవంటివి. మా స్టూడియోలలో మైక్రోఫోను నుంచి వచ్చే జంట తీగలలో హోరు అణగడం కూడా ఇట్టి న్యాయం మీదనే.

చేతితో చుట్టేవారు రెండవ చుట్టను ఎదురు దిశలో చుట్టనక్కరలేదు. రెండింటినీ ఒకే దిశలో, సమానమైన చుట్లతో చుట్టి, మొదటిదాని కొసను రెండవదాని కొసకు కలిపితే చాలు. మిగిలిన రెండు మొదళ్లే బయటికి పోయే తీగలు. మన డెల్టాలో నీటి పంపుల మోటార్లు చుట్టే ఏ పనివానినడిగినా మొదలు, కొస గుర్తించి కలపడం ఎంత ముఖ్యమో చెప్పగలడు. కాకపోతే ఇక్కడి తీగ 0.063 మిల్లీమీటర్ల మందమే. తల వెంట్రుక పాటిది. చుట్లు ఒక్కొక్కదానికి పదివేల వరకు ఉండవచ్చును.

చుట్టకముందే దిక్సూచితో అయస్కాంతాలను పరీక్షించండి. ఉత్తరాన్ని చూపే ముల్లుకొన అయస్కాంతపు దక్షిణ ధ్రువం వైపు తిరుగుతుంది. ఒక చుట్టకు ఉత్తర ధ్రువం, రెండవదానికి దక్షిణ ధ్రువం తంత్రుల వైపు ఉండవలెను. చుట్టలను కలిపిన పిమ్మట బయటి తీగలకు ముల్లు మీటరును అతి తక్కువ డి.సి. కొలతపై తగిలించి, ఇనుప స్క్రూడ్రైవరును చటుక్కున ఒక్కొక్క ధ్రువం దగ్గరకు తెండు. రెండుసార్లూ ముల్లు ఒకే వైపు కదిలితే అమరిక సరియైనదే. ఎదురు వైపు కదిలితే ఒక చుట్ట తీగలను తారుమారు చేయండి. హోరు వినిపించగానే మంచి పికప్‌ను పారవేసి మరల రాగి తీగ కొననక్కరలేదు.

ఈ విద్య గిటారుకే పరిమితం కాదు. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) నాలుగు జంట తంత్రులకు మారుగా ఐదు ఒంటి తంత్రులుగల ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించినారు. నూజివీడులో పనస కొయ్యతో చేసే వీణకు కూడా పికప్ అమర్చవచ్చును. కాని ఒక హెచ్చరిక: మంద్ర, అనుమంద్ర తంత్రులు ఇత్తడివైతే అయస్కాంతం వాటిని గుర్తించదు, సారణి, పంచమాలు మ్రోగి, మంద్రస్థాయి మూగవోతుంది. అట్టి వీణకు కంపనాన్ని నేరుగా గ్రహించే స్పర్శ మైకే తగినది.

కడపట ఒక మాట. గిటారు తంత్రులు సాధారణంగా పికప్ భూమి తీగతో కలిపి ఉంటవి. వాయించువాని వ్రేళ్లు వాటిపైనే ఉంటవి. కనుక మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు లేని నాటు యాంప్లిఫయరుకు, ఎర్తు లేని ప్లగ్గుకు గిటారును ఎన్నడూ తగిలించరాదు. హోరు చెవిని మాత్రమే బాధిస్తుంది. ఈ అజాగ్రత్త ప్రాణాన్నే తీయగలదు. పందిరిలో కచ్చేరీ మొదలుకాకముందే ఎర్తును పరీక్షింపజేయండి.