జింకు పేరుకున్న నేలలో చెట్టును నిలబెట్టే బూజు

వరిలో జింకు లోపం కనిపిస్తే ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమని వ్యవసాయాధికారులు చెబుతారు. అందులో అసలు జింకు నూటికి 21 పాళ్లు, అంటే నాలుగు కిలోల చిల్లర. ఆ కాస్తకే ఆకుల మీది తుప్పు మచ్చలు తగ్గి పైరు తేరుకుంటుంది. మరి అదే జింకు ఎకరంలో వేల కిలోలు పేరుకుంటే ఏమవుతుంది? బెల్జియం ఉత్తరాన, నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న లోమెల్ అనే ఊరి పక్కన సరిగ్గా అదే జరిగింది.

ముందు లెక్క చూద్దాం. మట్టిలో లోహాన్ని కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములని కొలుస్తారు. ఎకరం పొలంలో 15 సెంటీమీటర్ల లోతు దాకా ఉన్న మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. కాబట్టి కిలోకు 100 మిల్లీగ్రాములంటే ఎకరానికి 90 కిలోలు, అంటే రెండు యూరియా బస్తాల బరువు. మామూలు నేలల్లో జింకు తరచుగా ఇంతో, ఇంతకు తక్కువో ఉంటుంది. లోమెల్‌లో కొన్నిచోట్ల కిలో మట్టిలో 10 గ్రాములకు మించి తేలింది. ఎకరానికి లెక్కిస్తే 9 వేల కిలోలు, అంటే 200 యూరియా బస్తాలు.

నేలలో ముందే 90 కిలోలుంటే మళ్లీ జింక్ సల్ఫేట్ కొనడం దేనికని మీకు అనిపించవచ్చు. మట్టిలోని జింకులో ఎక్కువ భాగం ఖనిజాల్లో బిగిసి ఉంటుంది. నీళ్లలో కరిగి వేరుకు అందేది అతి కొద్ది. చవుడు నేలల్లో, ఎప్పుడూ నీరు నిలిచే మళ్లలో అది ఇంకా తగ్గుతుంది. లోమెల్ పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడిది ఇసుక నేల, ఆమ్ల గుణం ఎక్కువ. అలాంటి మట్టి లోహాన్ని పట్టి ఉంచలేదు. కరిగిన జింకు నేరుగా వేరు దగ్గరకు వస్తుంది.

అంత జింకు ఎక్కడి నుంచి వచ్చింది? 20వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడ జింకు ఖనిజాన్ని కరిగించే కర్మాగారం వెలిసింది. 1974లో మూతపడేదాకా దాని పొగలోని లోహపు ధూళి చుట్టుపక్కల నేలమీద రాలుతూనే ఉంది. జింకు ఖనిజంలో కాడ్మియం కూడా కలిసి ఉంటుంది కాబట్టి అదీ చేరింది. కర్మాగారం పోయినా వంద హెక్టార్లకు పైగా నేల గడ్డి కూడా మొలవని ఇసుకగా మిగిలింది. జింకు మితిమీరితే వేరు కొస ఎదగడం మానేస్తుంది. ఇనుము, భాస్వరం సరిగా అందవు, ఆకులు పాలిపోతాయి. వేరు పొట్టిదైతే నీళ్లూ అందవు. మొక్క మీద ఇలా నాలుగు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది.

అయినా లోహం చేరిన ఆ ప్రాంతాల్లో పైన్ చెట్లు పెరుగుతున్నాయి. వాటి కింద గోధుమరంగు జిగురు టోపీతో ఒక పుట్టగొడుగు మొలుస్తుంది. దాని టోపీ కింద రెక్కలుండవు, పసుపు రంగు స్పాంజిలాంటి పొర ఉంటుంది. శాస్త్రీయ నామం సుయిల్లస్ ల్యూటియస్. పైకి కనిపించే పుట్టగొడుగు ఆ జీవిలో చిన్న భాగమే. అసలు ఒళ్లంతా మట్టిలో, వేళ్ల చుట్టూ సన్నని పోగులుగా అల్లుకుని ఉంటుంది.

వేరూ శిలీంధ్రమూ కలిసి బతికే ఈ పొత్తును మైకోరైజా అంటారు. 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ ఆ పేరు పెట్టాడు. పైన్ మొక్కను జాగ్రత్తగా పెకలించి, పీచువేళ్లను నీళ్లలో ఆడించి భూతద్దంతో చూడండి. వేరు కొసలు పొట్టిగా, మొద్దుగా, పంగలా రెండుగా చీలి ఉంటాయి. మామూలు వేళ్లకుండే నూగు కనిపించదు. దాని బదులు కొసను పూర్తిగా కప్పేస్తూ బూజు తొడుగు ఉంటుంది. అందులోంచి పోగులు మట్టిలోకి సాగి ఉంటాయి. వేరుకు మట్టి తగిలే చోట ముందుగా ఉండేది ఈ తొడుగే. నీళ్లూ పోషకాలూ చాలావరకు దీన్ని దాటుకునే చెట్టులోకి వెళ్లాలి.

ఇంత సన్నని పోగు అంత పెద్ద చెట్టుకు ఏం సాయం చేస్తుందనేది తర్వాతి సందేహం. పోగు మందం 3 మైక్రాన్లు అనుకుందాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. ఒక మీటరు వేరు నుంచి ఇలాంటి పోగులు కొన్ని వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా సాగగలవు. కిలోమీటరు పోగునంతా చుట్టచుడితే అర బియ్యపు గింజంత కూడా కాదు. కానీ అది మట్టిని తాకే ఉపరితలం 90 చదరపు సెంటీమీటర్లకు పైనే. అర మిల్లీమీటరు మందమున్న మీటరు వేరుకు ఉండేది 16 చదరపు సెంటీమీటర్లే, దానికి పట్టే పదార్థమేమో పాతిక రెట్లకు పైగా ఎక్కువ. అందుకే చెట్టు తాను చేసుకున్న ఆహారంలో తరచుగా పదో వంతు నుంచి ఐదో వంతు దాకా శిలీంధ్రానికి ఇస్తుంది. నెలలో మూడు నుంచి ఆరు రోజుల సంపాదన ఇచ్చేసినట్టు లెక్క. బదులుగా భాస్వరం, నత్రజని, నీరు అందుతాయి.

లోహాన్ని ఆపే పని చాలా చోట్ల జరుగుతుంది. పోగు గోడలో కైటిన్ ఉంటుంది. రొయ్య పెంకులో ఉండే పదార్థమే ఇది. లోహపు అణువులు కొన్ని ఈ గోడకే అతుక్కుంటాయి. కొన్ని శిలీంధ్రాలు ఆక్సాలిక్ ఆమ్లం లాంటివి వదిలి, లోహాన్ని వేరు దాకా రానీయకుండా బయటే కట్టిపడేస్తాయి. లోపలికి చొరబడిన దాన్ని ప్రత్యేకమైన ప్రొటీన్లు పట్టుకుంటాయి, లేదా కణంలో పక్కగా ఉండే సంచిలోకి నెట్టేస్తాయి. లోమెల్ ప్రాంతపు సుయిల్లస్ మాత్రం ఎక్కువగా వేరే దారి పట్టింది. అది జింకును ఒంట్లో పోగు పడనీయదు. చుట్టూ ఒకే మోతాదు జింకు ఉన్నప్పుడు, శుభ్రమైన అడవి నుంచి వచ్చిన తన జాతి శిలీంధ్రం కంటే తక్కువే దానిలో చేరుతుంది.

ఇక్కడే అసలు విశేషం ఉంది. ఒకే జాతి పుట్టగొడుగును లోమెల్ లాంటి చోట్ల నుంచీ, శుభ్రమైన అడవుల నుంచీ తెచ్చి, జింకు కలిపిన పళ్లేల్లో హాసెల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన యాన్ కోల్‌పార్ట్ బృందం పెంచింది. శుభ్రమైన చోటివి ఎదగలేక ఆగిపోయిన మోతాదులో కూడా లోమెల్‌వి పెరిగాయి. అక్కడి నేలలో జింకు చేరడం మొదలై అప్పటికి సుమారు వందేళ్లు. ఒక శిలీంధ్రం కొత్త ఓర్పు సంపాదించడానికి ఆ కాలం సరిపోయింది. ఒక్కో పుట్టగొడుగు లక్షల సంఖ్యలో బీజాలు చల్లుతుంది. జింకును తట్టుకునే గుణమున్న కొద్ది బీజాలే అక్కడ బతికి, వాటి సంతతే విస్తరించింది.

మరి చెట్టు సంగతి? 2004లో అదే బృందం పైన్ మొలకల్లో కొన్నింటికి జింకుకు అలవాటు పడిన సుయిల్లస్‌నూ, కొన్నింటికి అలవాటు లేనిదాన్నీ పట్టించి, జింకు పెంచుతూ పోయింది. అలవాటు లేని శిలీంధ్రమున్న మొలకలకు పోషకాలు అందడం పడిపోయింది. అలవాటున్నది తోడున్న మొలకలు భాస్వరాన్నీ, నత్రజనినీ మామూలుగా తీసుకుంటూనే ఉన్నాయి. పైన్ మొక్కలు అవే, మారింది తోడున్న శిలీంధ్రమే. నార్వే రాగి గనుల దగ్గర రాగికి అలవాటుపడిన సుయిల్లస్‌తోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది.

అయితే ఈ ఓర్పు ఏ లోహానికి ఆ లోహానిదే. జింకును తట్టుకునేది రాగిని తట్టుకోవాలని లేదు. శిలీంధ్రం జాతిని బట్టి, మట్టిని బట్టి కొన్నిసార్లు చెట్టులోకి లోహం పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఏదో ఒక శిలీంధ్రం కలిపితే చాలనుకోవడం పొరపాటు.

నర్సరీలో శిలీంధ్రం పట్టించి నాటడం కొత్తేమీ కాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో కాపర్ బేసిన్ ఉంది. అక్కడ రాగి ఖనిజాన్ని కాల్చిన పొగతో సుమారు 32 వేల ఎకరాలు బోడి నేలగా మారాయి. ఆ పొగ మీద పొరుగున ఉన్న జార్జియా రాష్ట్రం వేసిన కేసు సుప్రీంకోర్టుకు చేరి, 1907లో జార్జియా పక్షాన తీర్పు వచ్చింది. తర్వాత 1970లలో డొనాల్డ్ మార్క్స్, ఆయన సహచరులు పిసోలిథస్ అనే శిలీంధ్రం పట్టించిన పైన్ మొక్కలను అక్కడ నాటారు. అవి నర్సరీల్లో సహజంగా అంటుకునే శిలీంధ్రమున్న మొక్కల కంటే బాగా ఎదిగాయి.

మన దుకాణాల్లో జీవన ఎరువుగా దొరికే వామ్ పొట్లంతో ఈ పని జరుగుతుందా? వామ్ వేరే రకం. దాని పోగులు వేరు కణాల లోపలికి వెళతాయి, బయట తొడుగు కట్టవు. చాలా పంటలకూ, వేప, చింత, మామిడి, టేకు లాంటి చెట్లకూ అదే సరైన జత. తొడుగు కట్టే రకం పైన్, గుగ్గిలం, నీలగిరి, సరుగుడు లాంటి వాటికి పడుతుంది. సరుగుడు, నీలగిరి రెండు రకాలనూ చేరనిస్తాయి. కాబట్టి పొట్లం కొనే ముందు ఏ చెట్టుకో చెప్పి అడగాలి.

మరి నేల శుభ్రమవుతుందా? కాదు. లోహం ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉంటుంది. చెట్లు నిలిస్తే ధూళి లేవదు, వాన నీటికి మట్టి కొట్టుకుపోదు, రాలిన ఆకు మగ్గి నేల కోలుకుంటుంది. లాభం అంతవరకే, అది చిన్నదేమీ కాదు. అలాంటి చోట మొలిచిన పుట్టగొడుగులను మాత్రం కూరకు తేవద్దు. వాటిలో కాడ్మియం వంటివి పోగుపడే ప్రమాదం ఉంది.

మీ ప్రాంతంలో గని దిబ్బ మీదో, మూసేసిన కర్మాగారపు స్థలంలోనో మొక్కలు నాటుతుంటే, ఎన్ని నాటారనే లెక్కతో సరిపెట్టుకోకండి. మట్టి పరీక్షలో ఏ లోహం ఎంత తేలిందో, నర్సరీలో ఆ మొక్కల వేళ్లకు ఏ శిలీంధ్రం పట్టించారో, అది ఏ నేల నుంచి తెచ్చిందో అడగండి. మూడో ఏట వెళ్లి ఎన్ని మొక్కలు బతికాయో లెక్కపెట్టండి.