గియోను తేరులు

జపానుదేశమునఁ బూర్వము రాజధానిగా నుండిన క్యోటోనగరమున జూలై నెలయంతయు జరుగు మహోత్సవమునకు గియోను పండుగ యని పేరు. ఈ మాట శ్రావస్తియందలి జేతవనమునకుఁ గల చీనానామము యొక్క సంక్షేపము. నగరపుఁ దూర్పుదిక్కున నున్న యాలయమునకు 1868లో యసాకా యను నామము వచ్చినను, పండుగ మాత్రము పాతపేరనే ప్రసిద్ధమై యున్నది.

869లో మారి ప్రబలఁగా, నాఁటి మండలముల సంఖ్యనుబట్టి 66 ఈటెలు నిలిపి శాంతి చేసిరని సంప్రదాయము. ఇప్పుడు తేరులు 34; జూలై 17న 23యు, 24న 11యు నూరేగును. పెద్దతేరుల యెత్తు సుమారు 25 మీటరులు. కొయ్యలను మేకులతోఁ గాక త్రాళ్లతో బిగింతురు. మలుపునందుఁ జీల్చిన వెదురుబద్దలు పఱచి, నీళ్లు చల్లి, చక్రములను బ్రక్కకు జార్చుదురు.

ఇందు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. దేవుని పల్లకులు ఆలయమువి. తేరులు మాత్రము వీధులవి. షిజో, మురోమాచి మొదలగు వర్తకవాడలలో నొక్కొక్క వీధివా రొక్కొక్క తేరును రక్షించుకొనుచున్నారు. 1467లో మొదలైన యుద్ధముచే నిలిచిన యాత్రను 1500లో మరల నడపిరి; వరుసకై కలహింపకుండఁ జీట్లు తీయు నాచారము నాఁటిదే. 1533లో ప్రభుత్వము పండుగను నిలుపఁగా, దేవకార్యము లేకున్నను తేరులను నడపనిండని వీధులవారు వేఁడికొనిరి. అలంకారములును వర్తకుల సంపదకుఁ దగినవే: ట్రాయియుద్ధకథను నేసిన బెల్జియపుఁ దెరలును, మన దక్కను తివాచీలును వానిపై వ్రేలాడును. ఊరేగింపునకు ముందురాత్రులఁ బ్రాఁతయిండ్లవారు వాకిళ్లు తెఱచి, తమ చిత్తరువుల మడఁతతెరలను జూపరులకుఁ బ్రదర్శింతురు.

ఓడయాకారము గల యొక తేరు 1864 నాఁటి యగ్నికిఁ జాలవఱ కాహుతియయ్యెను. డేగ పేరిటి తేరు 1826లో గాలివానకు దెబ్బతిని, మఱుసటి యేటనుండి యాగిపోయెను. అయినను ఆ వీధులవారు మిగిలిన విగ్రహభాగములను, వస్త్రములను బెట్టెలలో భద్రపఱచి, పండుగదినములఁ బూజించుచు వచ్చిరి. మొదటిది 2014లో మరల వీధి కెక్కెను. మారిశాంతికై పుట్టిన యూరేగింపును 2020, 2021లలో మారియే యాపినది. 2022లో నది మరల సాగినప్పుడు, డేగతేరును 196 ఏండ్లకుఁ గదలినది.

వాడలలోఁ గాపురముండువారు తగ్గిన యీకాలమునఁ దేరు లాగుటకు వెలుపలివారి సాయము నవసరమగుచున్నది. కావున నుత్సవచరిత్రము వ్రాయఁబూనువా రాలయలేఖనములతోఁ దృప్తిపడక, వీధులవారి పెట్టెలను గూడఁ బరిశీలింపవలయును. ఆ రెండు తేరులకును బునర్జన్మ మిచ్చినవి యాపెట్టెలే.