మెడలో పెట్టే ఎముక ఎవరిది?

చొక్కా గుండీ పెట్టుకోబోతే వేలు మాట వినదు. మెడ దగ్గర మొదలైన నొప్పి భుజం మీదుగా చేతిలోకి కరెంటు షాక్‌లా దిగుతుంది. మందులు, ఫిజియోథెరపీ పనిచేయక, స్కాన్‌లో నరం నలుగుతోందని తేలితే డాక్టరు ‘ఫ్యూజన్ చేద్దాం’ అంటారు. వెంటనే ఇంటిల్లిపాదీ అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతవుతుంది? ఎన్ని రోజులు రెస్టు? అడగాల్సిన మూడోది ఇంకొకటుంది. డిస్కు తీసేశాక ఆ ఖాళీలో ఏం పెడతారు?

మెడ ముందు వైపు నుంచి చేసే ఈ ఆపరేషన్‌ను 1950లలో అమెరికా సర్జన్లు రాబిన్సన్, స్మిత్ మొదలుపెట్టారు. పాడైన డిస్కు తీసి, ఆ సందులో రోగి సొంత ఎముక ముక్కనే పెట్టారు. నడుం మీద చేయి ఆనించి నిలబడితే గట్టిగా తగిలే అంచు ఉంటుంది చూడండి, అక్కడి ముక్క. అతుక్కోవడంలో దీన్ని మించింది లేదని ఇప్పటికీ అంటారు. ఎముకను పుట్టించే జీవకణాలు అందులో ఉంటాయి. వాటిని పనిలోకి దించే ప్రొటీన్లూ ఉంటాయి. సొరపాదుకు పందిరిలా, కొత్త ఎముక పాకడానికి ఆసరా కూడా అదే. చిక్కల్లా రెండో కోతతోనే! మెడ కుదుటపడ్డా నడుం పక్క నొప్పి నెలల తరబడి వదలనివాళ్లున్నారు.

అందుకే ఎముకల బ్యాంకులొచ్చాయి. చనిపోయిన దాతల ఎముకను శుద్ధి చేసి వాడతారు. ‘వేరేవాళ్ల ఎముకా?’ అని ఇంట్లో పెద్దవాళ్లు ముఖం చిట్లించొచ్చు. కిడ్నీ మార్పిడిలోలా జీవితాంతం మందులు మింగే పని మాత్రం లేదు. కాకపోతే శుద్ధిలో జీవకణాలు పోతాయి, మిగిలేది దాదాపు పందిరే. అతుక్కోవడం కాస్త నిదానం. ఇన్ఫెక్షన్ ముప్పు చాలా తక్కువే గానీ సున్నా కాదు. 2021లో అమెరికాలో, జీవకణాలు ఉండేలా తయారుచేసిన ఒక ఎముక పదార్థం వల్ల రోగులకు క్షయ సోకింది. ఒకే దాత నుంచి వచ్చిన సరుకును వందమందికి పైగా వాడేశారు మరి.

ఇప్పుడు బాగా వాడేది కేజ్. టైటానియంతోనో, పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న బోలు దిమ్మ. లోపల ఆపరేషన్‌లో చెక్కిన మీ ఎముక పొట్టో, క్యాల్షియం ఫాస్ఫేట్ గుళికలో నింపుతారు. నడుం కోయక్కర్లేదు. బిల్లులో మాత్రం దాని లెక్క వేరే ఉంటుంది, ముందే అడిగి రాయించుకోండి.

కొత్తదల్లా మంచిదేనా? ఎముకను చకచకా పుట్టించే బీఎంపీ అనే ప్రొటీన్‌కు 2002లో అమెరికాలో నడుం ఆపరేషన్లకు అనుమతి దొరికింది. దాన్ని మెడలోనూ వాడేశారు. కొందరికి గొంతు వాచి ఊపిరాడలేదు. 2008లో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. మీకు వాడతామంటే ఎందుకని నిలదీసి అడగండి, తప్పులేదు.

ఏది పెట్టినా పైనా కిందా వెన్నుపూసలు పెరిగి కలవాల్సిందే. దానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది. సిగరెట్టు, బీడీ మానకపోతే ఖరీదైన కేజ్ పెట్టినా అతకకపోవచ్చు. షుగరు అదుపులో లేకపోయినా ఇబ్బందే. ఇంకోటి, నొప్పి మాత్రలు మెడికల్ షాపులో మీ అంతట మీరు కొనేయకండి. వాటిలో కొన్ని ఎముక అతకడాన్ని అడ్డుకుంటాయని సర్జన్లు మొదటి కొన్ని వారాలు వద్దంటారు.