బల్లి, తేలు, గబ్బిలం... ఆ తర్వాతే దయ్యం

వాన కుదిరింది, చీకటి కుదిరింది, సౌండూ కుదిరింది. మన దయ్యాల వెబ్‌ సిరీస్‌లకు కుదరనిది కథే!

‘దయ్యాల సిరీస్‌ల మీద కవర్‌ స్టోరీ. గురువారం సాయంత్రానికి కాపీ కావాలి’ అన్నారు ఎడిటర్‌. అప్పటికి నేను మానవపాడులో పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. రాత్రి అన్నాలయ్యాక సెల్‌ఫోన్‌ను చెంబుకు ఆనించి ‘దూత’ పెట్టాను.

విక్రమ్‌ కె. కుమార్‌ తీసిన ఈ 8 ఎపిసోడ్ల సిరీస్‌ 2023 డిసెంబర్‌ 1న ప్రైమ్‌ వీడియోలో వచ్చింది. నాగచైతన్య ఇందులో సాగర్‌ అనే జర్నలిస్టు. అతని చేతికొచ్చే పేపర్‌ ముక్కల్లో జరగబోయేది ముందే అచ్చయి ఉంటుంది. అదే జరుగుతుంది.

ఆ ముక్కను నేను ఇట్టే నమ్మేశాను. బజ్జీల పొట్లం విప్పి, నూనె మరకల మధ్య సగం తెగిన వార్త చదవనివాళ్లు మనలో ఎవరున్నారు? అసలు సంగతి దగ్గరే కాగితం చిరిగిపోయి ఉంటుంది. మిగతాది ఏమై ఉంటుందని కాసేపు బుర్ర తొలుస్తుంది. ఆ కుతూహలంలోకే భయాన్ని దూర్చారు. భలే ఎత్తుగడ.

మూడో ఎపిసోడ్‌కు పెద్దమ్మ నోరు విప్పింది. ‘ఆ దయ్యానికి అంత కోపముంటే పోయి మీద పడక, ముందుగాల పేపర్ల చెప్తదేందిరా?’

చివరి ఎపిసోడ్లు గతంలోకి వెళ్లి, ఆత్మ ఎవరిదో, పేపరే ఎందుకో చెప్పాయి. ముందే చెప్పడంవల్ల దానికి ఒరిగిందేమిటో మాత్రం నాకు తేలలేదు. పెద్దమ్మ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఓంకార్‌ తీసిన సిరీస్‌ ‘మాన్షన్‌ 24’ది ఇంకో అవస్థ. కనిపించని తండ్రి కోసం పాడుబడ్డ భవంతికి వచ్చిన అమృతకు (వరలక్ష్మి శరత్‌కుమార్‌) అక్కడి కాపలాదారు (రావు రమేశ్‌) గదికో కథ చెబుతాడు. కాలుగాలిన పిల్లిలా తిరగాల్సిన మనిషి అన్ని కథలు వింటుంటే, దయ్యం సంగతి తర్వాత, ముందు ఆ కూతుర్నే నమ్మలేం.

‘రేపు అలంపురం పోదాం, నీకు కథ దొరుకుతది’ అంది పెద్దమ్మ.

దొరికింది, అక్కడి గుడిలో జోగులాంబ అమ్మవారి జుట్టులో! ప్రేతాసనం మీద కూర్చున్న అమ్మవారి కేశాల్లో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం ఉంటాయి. ఇంట్లో జీవకళ తగ్గితే ముందు బల్లులు పెరుగుతాయట. ఇంకా తగ్గితే తేళ్లు చేరతాయి. ఆపైన గబ్బిలాలు. చివరికి చావు. అదే కపాలం.

ఏ రచయిత రాశాడో తెలియని స్క్రీన్‌ప్లే ఇది. మొదటి మెట్టు మీద ఉన్నది రోజూ చూసే బల్లి. దాన్ని నమ్మడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తేలు దాకా వచ్చేసరికి మనమే లెక్కపెట్టడం మొదలెడతాం. గబ్బిలం వచ్చాక కపాలాన్ని చూపించకపోయినా సరే, దాన్ని మనమే ఊహించేసుకుంటాం. మన సిరీస్‌లు మొదటి పది నిమిషాల్లోనే కపాలం చూపించి, తర్వాత బల్లుల కోసం వెతుక్కుంటున్నాయి.

మన దయ్యం కథల చరిత్ర అంటారా, గబగబా చెప్పేస్తాను. యండమూరి వీరేంద్రనాథ్‌ నవల ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి జనాన్ని వణికించింది. అందులోని పాపను పీడిస్తున్నది కాష్మోరా అనే క్షుద్రశక్తా, వైద్యానికి లొంగే జబ్బా? రెండు దారులూ తెరిచే ఉంచారాయన. దయ్యాన్ని నమ్మనివాళ్లూ వారం వారం చదివారు. 2021లో ‘మా ఊరి పొలిమేర’, 2023లో ‘విరూపాక్ష’ సినిమాలు చేతబడిని మళ్లీ ఊళ్లోకి తెచ్చాయి.

ఆ రాత్రి ఫోన్‌ కట్టేశాక గోడ మీద బల్లి ట్చ్‌ ట్చ్‌ అంది. పెద్దమ్మ లైటు వేసి గోడలన్నీ చూసింది.

‘ఒకటేలే’ అని పడుకుంది.

నేను మాత్రం ఇంకొంచెంసేపు లెక్కపెట్టాను.

బాక్స్‌: నడిగడ్డ దారిలో
కృష్ణా తుంగభద్రల నడుమ నేల నడిగడ్డ. మానవపాడు గద్వాల–కర్నూలు రైలు మార్గంలో ఉంది. అలంపురంలో జోగులాంబ పాత గుడి 14వ శతాబ్దంలో ధ్వంసమైంది. విగ్రహాన్ని చాలాకాలం బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉంచారు. కొత్త గుడి 2005లో వెలిసింది. 2016లో ఏర్పడిన జిల్లాకు అమ్మవారి పేరే పెట్టారు.