పాత కారు తలుపునకు లోపలి అట్ట



ఒకప్పుడు పెండ్లికొడుకు నెక్కించుకొని ఊరేగిన అంబాసిడరు కారు నేడు మన సీమలో అక్కడక్కడ కొట్టము చూరు క్రింద కోళ్లకు గూడై పడియున్నది. హిందుస్థాన్ మోటార్సువారు ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును మాతృకగా గొని, వంగదేశమున ఉత్తరపాడలో 1957 మొదలు 2014 వఱకు ఆ కార్లను నిర్మించిరి. ఇప్పుడు పట్టణములనుండి సెలవులకు వచ్చిన మనుమలు ‘తాతా, దీనిని బాగుచేయింతము’ అనుచున్నారు. ఇంజను సంగతి మెకానిక్కు లెఱుగుదురు. రంగు సంగతి కంటికే తెలియును. ఎవ్వరును పట్టించుకొననిది తలుపు లోపలి అట్ట. షెడ్లవారు దానిని డోర్ ప్యాడందురు. వ్యాకరణము చెప్పినవానికి కారు తలుపుతో నేమి పని యందురేమో! హిందూపురమున షెడ్లవద్ద కూర్చుండి చూచినదియు, అడిగి తెలిసికొన్నదియు చెప్పుచున్నాను.

అట్ట యనగా అలంకారమని పలువురి యభిప్రాయము. అది సగమే నిజము. కారు తలుపు లోపల బోలు. అద్దము దిగుటకు పైన సందుండవలెను గదా. ఆ సందునకు రబ్బరు పట్టీ యున్నను వాననీరు కొంత లోనికి దిగక మానదు. దిగిన నీరు తలుపడుగున నున్న చిన్న రంధ్రములగుండ వెలికి పోవలెను. మన సీమ దుమ్ము మీకు క్రొత్త గాదు. అది నీటితో గలిసి బురదయై ఆ రంధ్రములను మూసివేయును. నీరు నిలుచును, అడుగురేకు తుప్పుపట్టును, తేమ యెక్కి అట్ట అప్పడమువలె ఉబ్బును, క్లిప్పులు పట్టిన రంధ్రములు చీలిపోవును. మనకు వానలు తక్కువ గదా యందురా? తక్కువగుటచేతనే ఏమఱుదుము.

తుప్పునకు మందు వేయక, క్రొత్త రెక్సిన్ తొడిగిన అట్టలతో దానిని కప్పి బండి నమ్మువారును లేకపోలేదు. కొన్నవాడు రెండు వానకాలములు గడచినపిదప తలుపడుగున వేలు పెట్టినచో వేలు ఆవలికి వచ్చును! కావున కొనువారు బేరమునకు ముందు ఒక్క తలుపు అట్టయైనను ఊడదీయించి చూడవలెను. అమ్మువాడు వలదన్నచో లేచి రావచ్చును.

ఊడదీయుటకు మొదట అద్దము త్రిప్పు హాండిలును తీయవలెను. పాత బండ్లలో పెక్కింటికి, హాండిలు మొదటనున్న బిళ్లను అట్టవైపునకు నొక్కినచో అడ్డముగా నొక చిన్న పిన్ను కనబడును. దానిని సన్నని మొలతో త్రోసిన హాండిలు వచ్చును. పిమ్మట వెడల్పాటి బద్దను ప్రతి క్లిప్పునకు చేరువగా దూర్చి మెల్లగా ఎత్తవలెను. అట్ట అంచును పట్టి లాగినచో క్లిప్పు నిలుచును, అట్ట చిరుగును. చిరిగినను ఉబ్బినను పాత అట్టను పాఱవేయరాదు. క్రొత్తదానికి అదియే మచ్చు. ఏది కుడి, ఏది యెడమ అని వెనుక సుద్దతో వ్రాసికొనుట మేలు.

ఇక అసలు పని. అడుగు రంధ్రములను తీగతో పొడిచి, చెంబెడు నీరు అద్దమువెంట పోసి చూడవలెను. నీరు అడుగునుండి ధారగా కారినగాని ముందునకు సాగరాదు. తలుపు ఆరినపిదప తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు పూసి, రంగు వేయవలెను. ఆపైని రేకునకును అట్టకును నడుమ ప్లాస్టిక్ పట్ట అంటింపవలెను. ఇక్కడ ఒక కిటుకున్నది. పట్ట అడుగంచును రేకునకుగల పెద్ద సందులోనికి దోపవలెను. అప్పుడే పట్టవెంట జారిన నీరు మరల తలుపులోనికే పడును. అంచు ఇవతలకు వ్రేలాడినచో ఆ నీరు అట్టకే చేరును. పట్ట వేసియు వేయనట్లే.

క్రొత్త అట్ట పాతదాని మందమే యుండవలెను. గట్టిగా నుండునని లావుపాటి ప్లైవుడ్డు వేయింతురు కొందఱు. దానికి క్లిప్పులందవు, తలుపు సరిగా మూతపడదు. రెక్సిన్ తొడుగకమునుపే అట్టను తలుపుపై నుంచి ప్రతి రంధ్రమును సరిచూచి, అంచులకు వార్నీషు పూయవలెను.

రెక్సిన్ తొడుగుట ధర్మవరపు నేతగాండ్రకు చెప్పనక్కఱలేని విద్య. మగ్గముపై పడుగు బిగువు ఒకచోట హెచ్చి మఱియొకచోట తగ్గినచో చీర యేమగునో వారెఱుగుదురు. రెక్సిన్ వెనుక నేతబట్టయే యుండును. దానిని నేతవెంట తిన్నగా కత్తిరింపవలెను. ఐమూలగా కోసినచో ఎండకు సాగి ముడుతలు పడును. రబ్బరు జిగురు రెండువైపుల పూసి, తడి తగ్గి వ్రేలికి అంటునంతవఱకు ఆగి, నడుమనుండి అంచులకు సమముగా లాగుచు అద్దవలెను. మూలలలో బట్టను గంట్లు పెట్టి మడచినగాని గుబ్బకట్టుట మానదు.

పెనుకొండ చెంత కియా కర్మాగారమునుండి 2019లో కార్లు వెలువడసాగినవి. ఇప్పటి కార్లకు తలుపుల యట్టలు ప్లాస్టిక్ అచ్చులో పోసినవి, ఒకదానికొకటి కవలపిల్ల. నలుబదియేండ్లు సుత్తిదెబ్బలు తిన్న మన తలుపున కట్టి భాగ్యము లేదు. పొరుగూరి అంబాసిడరు అట్టయైనను దీనికి కుదరకపోవచ్చును. కుదరలేదని రేకును కోయింపకుడు. 2021లో కేంద్ర రవాణా శాఖవారు చేసిన నిబంధన ప్రకారము, 50 ఏండ్లు దాటిన సొంతవాడుక బండి, చట్రమును పైతొడుగును ఇంజనును పెద్దగా మార్పక నిలుపుకొన్నచో వింటేజి బండిగా నమోదు కాగలదు. అటుపై దానిని నిత్యపు రాకపోకలకుగాని బాడుగకుగాని త్రిప్పరాదు. కావున రేకునకు తగినట్లు అట్టనే దిద్దవలెను.

బిగించునప్పుడు ప్రతి క్లిప్పును దాని రంధ్రమునకు ఎదురుగా చేతితో నిలిపి, క్లిప్పుపైననే అరచేతితో నొక్కవలెను. గ్రుద్దరాదు. లోకప్పు గుడ్డ ముందే వేసియుండవలెను. సీట్లు కడపట పెట్టవలెను. హాండిలును మాత్రము అద్దము పూర్తిగా పైకెత్తియున్నప్పుడు, నాలుగు తలుపులకును ఒకే వాలున బిగించి, అద్దము నొకసారి దింపి యెత్తి, పిమ్మట పిన్ను కొట్టుడు.